ఏ పూట కోసిన ఆకు?

మొన్న గ్యాస్ బండ మార్చడానికి వచ్చినతను పాతదాన్ని పక్కకు జరిపితే, బాల్కనీ మూలలో దాని వెనక పాత పేపరు చుట్టిన పొట్లం ఒకటి బయటపడింది. గండిపేటలోని ఈ అపార్ట్‌మెంటుకు వచ్చిన నాటి నుంచి మూలమూలా నేనే ఊడుస్తున్నానని గొప్పలు చెప్పుకునేదాన్ని, ఆ గొప్ప అక్కడితో సరి. విప్పి చూస్తే నాగజెముడు ఆకు. పోయిన ఎండాకాలం ఊళ్లోని మా చెలకకు, అదే మెట్ట చేనుకు, వెళ్లినప్పుడు కుండీలో పెడదామని కోసి తెచ్చి, తెచ్చిన సంగతే మరిచిపోయాను. ఎండలు పోయాయి, వానలు పోయాయి, చలి మొదలైంది. ఇన్నాళ్లూ అది మట్టి లేక, చుక్క నీరు లేక, సరైన వెలుతురు కూడా లేక ఆ బండ వెనక పడి ఉంది. ఒళ్లంతా ముడుతలు పడి వడలిపోయింది గానీ, దాని అంచు మీద బొటనవేలంత లేత ఆకు ఒకటి పుట్టి, పేపరు మడతను చీల్చుకుని, బండకూ గోడకూ మధ్య సందులోంచి పడే కాస్త వెలుతురు వైపు మెడ చాచి ఉంది. మోకాళ్ల నొప్పుల సంగతి మరిచి నేను ఆ గచ్చు మీదే కూలబడ్డాను. గ్యాసతను భయపడి మా ఆయన్ను కేకేశాడు.

మన ఈడువాళ్లకు నాగజెముడును కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. మా పుట్టిల్లు శంకర్‌పల్లి దగ్గరి ప్రొద్దుటూరు. అక్కడ చేన్లకు గోడలంటూ ఉండేవి కావు, నాగజెముడే గోడ. పశువులు దూరవు, దొంగలు దూరరు, మేం పిల్లలం మాత్రం పండ్ల కోసం ఎట్లాగో దూరేవాళ్లం. ఎర్రటి ఆ పండ్లను కట్టెతో రాలగొట్టి, ఇసుకలో పొర్లించి, గోనెపట్టాతో రుద్ది, అంత చేసినా పోని నూగుముళ్లను నాలుక మీద మోసుకుంటూ తినేవాళ్లం. ఎవరు తిన్నారో అడగాల్సిన పని లేకుండా మూతులే చెప్పేవి, అందుకని మా అమ్మ ముందు మూతి చూసి తర్వాత వీపు చూసేది. అంత ఇష్టంగా తిన్న పండు కాసే చెట్టే అయినా పెద్దవాళ్ల నోట్లో అది తిట్టు. ఎవరి మీదైనా కోపం వస్తే, వాళ్ల ఇంట్లో నాగజెముళ్లు మొలవాలని శపించేవారు. మనుషులు పోయి, పొయ్యి చల్లారి, గోడలు కూలినచోట మొలిచేది అదేనని అందరి నమ్మకం.

పెళ్లయ్యాక మొయినాబాదు మండలంలోని సురంగల్ దగ్గర మా అత్తవారింటికి వచ్చాను. నాది చేవెళ్ల దవాఖానలో నర్సు ఉద్యోగం, మా ఆయనది అక్కడే ఒక ఆఫీసులో గుమాస్తా పని, ఇంటి వెనక ఉన్న చిన్న ఎర్రచెలక మాత్రం మా అత్తమ్మ సామ్రాజ్యం. మామయ్య నా పెళ్లికి ముందే పోయారు. ఆ చెలకలో ఆమె గజ్జరగడ్డ, అదే క్యారెట్, వేసేది, టమాట, కొత్తిమీర వేసేది. తెల్లారకముందే గజ్జరగడ్డలు పెరికి, కడిగి, ఎర్రగా మెరిసేట్టు బుట్టలకెత్తి, బస్సు పైకి ఎక్కించాక గానీ చాయ్ తాగేది కాదు. మేం నిద్ర లేచేసరికి ఆమె ఒక పూట బతుకు బతికేసి ఉండేది. నన్ను ఎన్నడూ తిట్టలేదు, కానీ మంచం మీద ఎండ పడేదాకా పడుకున్న ఆదివారాల్లో, నా చెవికి దగ్గరగా గిన్నెలు కడిగేది.

మా ఊరి చర్చిలో వానాకాలం పంట ఇళ్లకొచ్చాక కోతపండుగ జరిగేది. ఎవరి చేనులో పండింది వాళ్లు తొలిబుట్టగా తెచ్చి దేవుని ముందు పెట్టాలి. ఆరాధన అయ్యాక అందరూ కలిసి వండుకుని తినాలి, ఆ తర్వాత తెచ్చిన పంటను హర్రాజు వేయాలి. గుమ్మడికాయ కోసం అన్నదమ్ములు పోటీ పడి పాడే ఆ హర్రాజు అందరికీ వినోదమే గానీ, మా అత్తమ్మకు పండుగంటే ఆ తొలిబుట్టే. తెల్లచీర కట్టుకుని, గజ్జరగడ్డ బుట్ట నెత్తిన పెట్టుకుని, ఎవరినీ పక్కకు చూడకుండా నడిచి వెళ్లేది. తనకు చదువు రాదు, పాట పాడితే శ్రుతి కుదరదు, ప్రార్థన చెయ్యమంటే నోట మాట రాదు. దేవునితో ఆమె మాట్లాడే మాటంతా ఆ బుట్టలోనే ఉండేది.

అటువంటి ఆమెకు, మా బోరు ఎండిపోయిన ఏడు, పెట్టడానికి ఏమీ లేకపోయింది. ఇంకా లోతుకు తవ్వించాం, దుమ్ము లేచింది. పక్కన చేన్లు కొన్నవాళ్లు ఫామ్‌హౌజులు కట్టి, అంతకంటే లోతైన బోర్లు వేసుకుని గడ్డికి నీళ్లు పెడుతుంటే మా చెలక పగుళ్లిచ్చింది. ఆ ఏడు కోతపండుగ నాడు అత్తమ్మకు జ్వరమొచ్చింది. నర్సును కదా, చెయ్యి పట్టి చూశాను, నాకంటే చల్లగా ఉంది. మరుసటి ఏడు కూడా సరిగ్గా ఆ రోజే జ్వరం. మొయినాబాదు నుంచి ఒక బుట్ట కూరగాయలు కొనుక్కొస్తాను, పట్టుకెళ్లమని మా ఆయన అంటే, ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

"కొన్నది పెడితే గది కొన్నోళ్లది గాదు కొడకా, పండిచ్చినోళ్లది," అని మాత్రం అంది.

ఆ మాట మా ఆయన మనసులో ములుకులా దిగబడిపోయింది. ఎవరినో అడిగి, ఏదో రైతుల మీటింగుకు వెళ్లి, ఒకనాడు ఆటోలో గోనెసంచులు దించాడు. నిండా నాగజెముడు ఆకులు. ముళ్లు లేని రకమనీ, పశువులూ తింటాయి, మనుషులూ వండుకోవచ్చనీ, నీళ్ల అవసరమే పెద్దగా లేదనీ ఆయన చెప్పుకుపోతుంటే, అత్తమ్మ వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడి ఆ సంచుల వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

"ఎవలన్న శాపం బెడితె మొలుస్తది గది. నువ్వు ఆటో కిరాయిచ్చి మరీ తెస్తివా?"

"ముండ్లు లెవ్వే అవ్వా, జర చెయ్యి పెట్టి సూడు," అని మా ఆయన తల్లిని బతిమాలాడు.

"విషం లేదని పామును ఒళ్లె పండవెట్టుకుంటరా?"

ఆమె చెయ్యి పెట్టలేదు. ఆదిలో మనిషి తప్పుకు నేల ముళ్లు మొలిపించిందని ఆదివారం ఆదివారం చర్చిలో విన్న మనిషి ఆమె, ముళ్లు తీసేసినా శాపం శాపమే. ఇక ఆ ఆకులను వెంటనే నాటకూడదట. కోసిన గాటు ఎండి, పొక్కు కట్టేదాకా నీడలో పరిచి ఉంచాలట. ఈ మాట మాత్రం నాకు సులువుగా అర్థమైంది. తడి పుండు మానదని ఉద్యోగమంతా రోగులకు చెప్పినదాన్నే కదా. పశువుల కొట్టంలో వరుసగా పరిచి, మృగశిర చినుకులు పడ్డాక, మట్టి ఎగదోసి ఎత్తుగా బోదెలు వేసి, ఒక్కో ఆకునూ సగం దాకా మట్టిలో నిలబెట్టి నాటాం. కొన్నాళ్లపాటు నీళ్ల మాటే ఎత్తొద్దని మా ఆయన అందరికీ మరీ మరీ చెప్పాడు.

కానీ మొక్క నాటిన చెయ్యి నీళ్లు పొయ్యకుండా ఎట్లా ఉంటుంది? వర్షం ముఖం చాటేసింది. తాగడానికి తెచ్చుకున్న ట్యాంకరు నీళ్లు బిందెలు బిందెలుగా తరిగిపోతుంటే, ఎవరు వాడుతున్నారా అనుకున్నాం. తర్వాత మొదటి బోదెల్లో ఆకులు మొదళ్లలో మెత్తబడి, నల్లబడి, వాసనొచ్చి ఒరిగిపోయాయి. తెల్లారకముందు లేచి, మేం చూడకుండా, తను శాపమన్న మొక్కకే అత్తమ్మ నీళ్లు పోసింది. మా ఆయనకు కోపమొచ్చింది, కానీ నాకు నవ్వొచ్చింది, తర్వాత ఎందుకో ఏడుపూ వచ్చింది. పొయ్యలేదని ఆమె దబాయించలేదు. దూప గొని నిలబడ్డ మొక్కను చూస్తూ ఊరుకోవడం తన వల్ల కాలేదని చెప్పి, బిందె బోర్లించి పెట్టింది. ఆమె చెయ్యి చేరని వెనక బోదెలు మాత్రం బతికాయి.

బతికాయి అంటున్నాను గానీ, బతికినట్టు చాలాకాలం మాకు తెలియలేదు. వానల్లో గడ్డి మొలిచింది, జెముడు కదల్లేదు. చలికాలం వచ్చింది, కదల్లేదు. మట్టిలో ఎవరో చెప్పులు గుచ్చిపెట్టినట్టు ఉండేవి. శివరాత్రి చలి వెళ్లాక ఒకనాడు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి, అత్తమ్మ చెలకలో గొంతుక్కూర్చుని ఉంది. ఏమిటా అని వెళ్లి చూస్తే ఒక ఆకు అంచు మీద వేలిగోరంత పచ్చటి మొగ్గలు, వాటి ఒంటి నిండా మెత్తటి బుల్లి కొమ్ములు. ఆమె మొదటిసారి చెయ్యి పెట్టింది. కొమ్ములు గుచ్చుకోలేదు, వేలు తగిలితే వంగాయి. పైన ఆకాశం నిప్పులు కురుస్తూ, పక్క చేన్లలో మిరప తలకాయలు వాల్చేస్తున్న రోజుల్లో, ఇవి ఒకదాని మీద ఒకటి అరచేతుల్లా లేచాయి. పసుపురంగు పూలు పూశాయి. రోహిణి కార్తె ఎండకు మేం తడిగుడ్డలు కప్పుకుని ఇంట్లో పడి ఉంటే, ఆకులు ఒక్క చుక్క అడక్కుండా బయట మందమెక్కాయి. నీళ్లు ఎక్కడివి, ఎవరిచ్చారు అని ఆమె నన్నడిగింది. నాకేం తెలుసు, మనిషి ఒంట్లో నీళ్లు తగ్గితే సెలైన్ ఎక్కించడమే తెలుసు.

మరుసటి వేసవికి గానీ కోసి వండే ధైర్యం రాలేదు. ఒకనాడు పొద్దున్నే లేతాకు కోసి, అంచులు చెక్కి, నూగు గీకి, సన్నగా తరిగి, బెండకాయలా సాగే జిగురు పోయేదాకా వేయించి, కందిపప్పులో వేశాను. అత్తమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసింది.

"గింత పులుసెందుకు పోసినవే పిల్లా?"

"చింతపండు ముట్టనే లేదత్తమ్మా."

ఆమె నమ్మలేదు. చింతపండు కుండ తెచ్చి చూపించాల్సి వచ్చింది. ఇంకోరోజు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, అదే చెట్టు ఆకు కోసి అదే పప్పు వండితే పులుపు ఆనవాలు లేదు. ఈసారి ఆమె ఉప్పు కూడా మరిచానని అంది. అక్కడి నుంచి ఆమెకు అదే లోకమైంది. పొద్దున ఒక ముక్క, మధ్యాహ్నం ఒక ముక్క, పొద్దు వాలాక ఒక ముక్క కొరికి చూసి, తెల్లవారి ఆకు చింతచిగురంత పులుపనీ, ఎండ పెరిగినకొద్దీ పులుపు విరుగుతుందనీ, మాపటికి ఒట్టి చప్పన అనీ తేల్చింది. ఒకే చెట్టు, ఒకే ఆకు. పొద్దునది పప్పులోకి, మాపటిది వేపుడులోకి. దానికి కారణమేమిటో మాకు తెలియదు, కానీ ఆమె దాన్ని చెప్పేటప్పుడు గొంతు తగ్గించి, ఎవరింట్లోనో బిడ్డ పుట్టిన వార్త చెప్పినట్టు చెప్పేది. శాపం అన్న మాట మళ్లీ ఆ నోట వినలేదు.

ఆ ఏడు కోతపండుగ దగ్గరకొచ్చింది. అత్తమ్మకు జ్వరం వస్తుందా రాదా అని నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకుంటుంటే, ఆమె పెట్టెలోంచి తెల్లచీర తీసి ఎండకు వేసింది. వానలకు రెండో విడత లేతాకులు దండిగా వచ్చి ఉన్నాయి. అయితే పండుగ ముందునాడు పొద్దు వాలే వేళ కత్తి పట్టుకుని ఆమె చెలకలోకి వెళ్లింది. తెల్లవారి కోస్తే తాజాగా ఉంటుంది కదా అని నేనంటే, దేవుని ముందు పుల్లటి ఆకు పెడతామా అని నా మీదికి లేచింది. చప్పబడ్డ ఆకునే చూసి చూసి కోసి, బుట్ట నింపి, తెల్లగుడ్డ కప్పి, చలి తగిలేట్టు అరుగు మీద పెట్టింది.

మర్నాడు నెత్తిన బుట్టతో ఆమె చర్చి మెట్లెక్కుతుంటే గుసగుసలు వినిపించాయి. ఎవరో నవ్వారు కూడా. గుమ్మడికాయల మధ్య, వరి కంకుల పక్కన, నాగజెముడు. ఆమె ఎవరినీ చూడలేదు. బుట్ట దించి, గుడ్డ తీసి, ఒక్క క్షణం నిలబడి, తన చోటికి వచ్చి కూర్చుంది.

సగం బుట్ట పండుగ వంటకిచ్చింది. వంటకు పెద్ద మా చిన్నత్త, అంటే అత్తమ్మ తోడికోడలు. పొయ్యి మీద పెద్ద గంజులో పప్పు ఉడుకుతుంటే అత్తమ్మ వెళ్లి, ఈ ఆకు సంగతి తనకొక్కదానికే ఎరుక అన్నట్టు, ఇది మాపటి ఆకు, చప్పగా ఉంటుంది, చింతపండు దండిగా పొయ్యమని చెప్పింది. చిన్నత్త చెప్పింది చెప్పినట్టు పోసింది.

పంక్తిలో మొదటి ముద్ద పాస్టరయ్య తిన్నారు. తిని, కళ్లు గట్టిగా మూసుకున్నారు. ప్రార్థన అనుకుని చుట్టుపక్కల నలుగురూ తలలు వంచారు. తర్వాత వాళ్లూ తిన్నారు. పంక్తి పొడుగునా మొహాలు ఒక్కొక్కటే ముడుచుకుపోవడం నేను చూస్తూ ఉండిపోయాను. అటువంటి పులుపు నా జన్మలో ఎరగను. పిల్లలు నాలుకలు బయటపెట్టి నవ్వడం మొదలుపెట్టారు, ఆ నవ్వు పెద్దలకూ అంటుకుంది. నాలుగేళ్లు ముఖం దాచుకుని, ఇన్నాళ్లకు బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చిన మనిషి, ఆ నవ్వుల మధ్య నిలబడి ఉంది. నాకు లేచి ఆమెను ఇంటికి తీసుకుపోవాలనిపించింది.

ఆమె మాత్రం ఎటూ పోలేదు. విస్తరిలో వేలు ముంచి రుచి చూసింది. నేరుగా లోపలికి నడిచి, దేవుని ముందున్న తన బుట్టలోంచి ఒక ఆకు తీసి, అంచు కొరికి నమిలింది. మళ్లీ నమిలింది. బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖంలో సిగ్గు లేదు. చిన్నపిల్లలు మొదటిసారి చెరువు చూసినప్పుడు పెట్టే ముఖం అది.

"మాపటికి చప్పగుండె. నేనే కొరికి సూసి కోసిన. కోసినంక, బుట్టల పడ్డంక గూడ, రాత్రంత కూసుండి పులుపు జేసుకున్నది. తెగినవని దానికెవ్వలు చెప్పలే," అంది.

నవ్వులు ఆగిపోయాయి. కొందరు బుట్ట దగ్గరికి వెళ్లి ఆకు ముట్టుకుని చూశారు. గరిటె పట్టుకుని ఉన్న చిన్నత్త పొయ్యి దగ్గర్నుంచే అంది.

"నీ లెక్కనే ఉన్నది గదక్కా. పండుకోమన్న పండుకోది."

మళ్లీ నవ్వులు, కానీ ఈ నవ్వులు వేరు. అత్తమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పప్పులో బెల్లం వేశారు, ఇంకో గంజు అన్నం వండారు, గంజు అడుగు కనపడేదాకా తిన్నారు. హర్రాజులో మిగిలిన ఆకులను చిన్నత్త పాడుకుంది, మేకలకు వేస్తానని చెప్పి తీసుకుపోయింది. కొన్నాళ్లకు చూస్తే వాళ్ల చేను గట్టు వెంట వరుసగా నాటి ఉన్నాయి. మేకలకు ఒక్కటీ దక్కలేదు.

కారణం నాకు చాలా తర్వాత తెలిసింది. ఈ చెట్టు పగలంతా ఎండకు నోరు మూసుకుంటుందట. చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుని, దాన్ని పులుపుగా దాచుకుని, మర్నాడు నోరు మూసుకుని ఆ పులుపు ఖర్చు చేసుకుంటూ బతుకుతుందట. కోసినా కొంతకాలం ఆ పని ఆపదట. మా అత్తమ్మకు చెబితే ఆశ్చర్యపోలేదు. తనకు తెలిసిన మనిషి గురించి నేను కొత్తగా చెప్పినట్టు తల ఊపింది.

అప్పటి నుంచి ఆమెకు ఒక మాట పట్టుకుంది. వంకాయ తెచ్చినా, పాలకూర తెచ్చినా, ఏ పూట కోసిందని అడిగేది. మొదట్లో నవ్వుకునేవాళ్లం, తర్వాత విసుక్కునేవాళ్లం, తర్వాత అలవాటైపోయి ముందే చెప్పేవాళ్లం. ఏటా కోతపండుగకు తొలిబుట్ట పెట్టింది, కాళ్లు సాగనినాడు కుర్చీలో మోయించుకుని మరీ వచ్చి పెట్టింది. ఆఖరున దవాఖానలో నేను చెంచాతో బత్తాయి రసం పోస్తుంటే, మింగి, ఏ పూట కోసినయే పిల్లా అని అడిగింది. దవాఖాన గేటు ముందు బండి మీద కొన్న బత్తాయిలు. నేను ఇంకో చెంచా నోటికందించాను.

చెలక ఇప్పటికీ ఉంది, మా మరిది, చిన్నత్త కొడుకు, చూసుకుంటున్నాడు. రెండు ఫామ్‌హౌజుల గోడల మధ్య, చుట్టూ కరెంటు తీగలు మెరుస్తుంటే, నాగజెముడు తన పాటికి తాను ఎండాకాలం పెరుగుతోంది, వానాకాలం పండ్లు కాస్తోంది. కోతపండుగా జరుగుతోంది, కానీ చాలామంది చేన్లు అమ్ముకున్నారు కాబట్టి బుట్టలకు బదులు డబ్బు కవర్లు పెడుతున్నారు. తప్పు పట్టడం లేదు, పండనిది ఎక్కణ్నుంచి తెస్తారు? ఇక్కడ గండిపేటలో మా అమ్మాయి ఫోన్లో వేలు కదిపితే పది నిమిషాల్లో కూరగాయలు గుమ్మంలో ఉంటున్నాయి. కడిగి, తుడిచి, సంచి కట్టి, చూడముచ్చటగా ఉంటున్నాయి. అవి ఏ పూటవో తెచ్చిన పిల్లవాడికి తెలియదు, కోసినవాళ్లను మేం ఎన్నడూ చూడం. మన తరంతో పాటు ఆ ప్రశ్న కూడా వెళ్లిపోతున్నదనిపిస్తుంది.

నిన్న తెల్లవారి అందరూ నిద్ర లేవకముందే బాల్కనీలోకి వెళ్లి, ఆ ముడుతల ఆకు అంచును ఇంత గిల్లి నోట్లో వేసుకున్నాను. కోసి ఎన్ని నెలలైందో, పులుపు నషాళానికి అంటింది. కళ్లలో నీళ్లు తిరిగితే పులుపు వల్లే అనుకున్నాను. పక్కన ఎవరూ లేరు, ఎవరూ అడగలేదు. అయినా, పోయిన ఎండాకాలం, మాపటి పూట అత్తమ్మా, అని చెప్పాను.